జూమ్‌లో 'ఒరిజినల్ సౌండ్': సంగీతం క్లాసులకు బాగుంది, కానీ ఇయర్‌ఫోన్స్ ఉంటేనే

ఆన్‌లైన్‌లో కర్ణాటక సంగీతం చెప్పేవాళ్ళూ, పిల్లలకు చెప్పిస్తున్న తల్లిదండ్రులూ జూమ్‌లో తప్పకుండా తెలుసుకోవాల్సిన సెట్టింగ్ ఒకటుంది, పేరు 'ఒరిజినల్ సౌండ్ ఫర్ మ్యుజీషియన్స్'. నేను విజయవాడ నుంచి డాలస్, న్యూజెర్సీ పిల్లలకు గాత్రం చెబుతాను, అన్ని క్లాసులకూ ఇదే వాడుతున్నాను. చాలా బాగుంది. కాకపోతే దీన్ని ఆన్ చేసి ఊరుకుంటే సరిపోదు, ఎకో గురించి కూడా చెప్పాలి.

ముందు ఇది ఎందుకు కావాలంటే, జూమ్ మామూలుగా మాటల కోసం తయారైంది. మాట ఆగి ఆగి వస్తుంది, ఫ్యాన్ మోతేమో ఆగకుండా ఒకేలా వస్తుంది, కాబట్టి అలా ఆగకుండా వచ్చేదాన్ని నాయిస్ కింద లెక్కేసి తీసేస్తుంది. మరి తంబూరా కూడా అలాగే మోగుతుంది కదా! అక్కడ పాప శ్రుతి పెట్టుకునే పాడుతుంటుంది, ఇక్కడ టీచరుకు ఆ శ్రుతి వినపడదు. షడ్జమం ('స') మీద కాసేపు నిలబడమంటే మధ్యలో గొంతు పల్చబడిపోయి, ఊపిరి చాలట్లేదేమో అన్నట్టు వినిపిస్తుంది. ఒరిజినల్ సౌండ్ ఆన్ చేస్తే ఈ వడపోత ఆగుతుంది. దాని కిందే 'హై ఫిడిలిటీ మ్యూజిక్ మోడ్' అని ఇంకో టిక్కు ఉంటుంది, 2020లో వచ్చింది, అది పెడితే శబ్దం 48 కిలోహెర్ట్జ్ నాణ్యతతో వెళ్తుంది. నెట్ బాగుంటేనే పెట్టండి. గమకం (స్వరాన్ని ఊపుతూ పాడటం) అంచులు తెలిసేది, శుద్ధ రిషభం (కింది 'రి') ఎక్కడ పడుతోందో నమ్మకంగా చెప్పగలిగేది దీంతోనే.

ఇక ఎకో. టీచరు పాడింది పిల్ల ట్యాబ్ స్పీకర్లోంచి బయటికొచ్చి, అదే ట్యాబ్ మైకులోకి దూరి, మళ్ళీ టీచరు దగ్గరికి వస్తుంది. అంటే ఎకో ఎవరింట్లో పుడుతోందో వాళ్ళకు అది వినపడదు! అందుకే "మాకైతే బాగానే వినిపిస్తోంది మేడమ్" అంటారు తల్లులు, వాళ్ళు చెప్పేది నిజమే, కానీ సరిచేయాల్సింది మాత్రం వాళ్ళింట్లోనే. గ్రూపు క్లాసులో ఎవరి దగ్గర్నుంచి వస్తోందో పట్టుకోవాలంటే ఒక్కొక్కరినే మ్యూట్ చేస్తూ పోండి, ఎవరిని మ్యూట్ చేయగానే ఆగిందో వాళ్ళే.

మామూలు మీటింగులో ఈ పనంతా జూమే చూసుకుంటుంది, స్పీకర్లోకి ఏం పంపిందో దానికి తెలుసు కాబట్టి మైకులోంచి ఆ భాగాన్ని తీసేస్తుంది. ఇబ్బంది ఏమిటంటే ఇద్దరూ ఒకేసారి పాడినప్పుడు పిల్ల గొంతు కూడా ముక్కలవుతుంది. ఒరిజినల్ సౌండ్‌లో 'ఎకో క్యాన్సిలేషన్'కి విడిగా ఒక టిక్కు ఇచ్చారు, ఇది నాకు బాగా నచ్చింది. పిల్లకు ఇయర్‌ఫోన్స్ ఉంటే ఆ టిక్కు తీసేయొచ్చు, స్వరం ఉన్నదున్నట్టు వస్తుంది. ఇయర్‌ఫోన్స్ లేకపోతే మాత్రం దయచేసి ఉంచండి.

ఇయర్‌ఫోన్స్ అంటే వైరువే తీసుకోండి, మామూలు రకం చాలు. బ్లూటూత్‌వి ఎంత ఖరీదైనవైనా, మైకు కూడా దాన్నే వాడితే చాలావాటిలో శబ్దం ఫోన్ కాల్ స్థాయికి పడిపోతుంది, పైగా శబ్దం అవతలికి చేరే ఆలస్యం ఇంకాస్త పెరుగుతుంది. తల్లిదండ్రులు వేల రూపాయలు పెట్టి ఇయర్‌ఫోన్స్ కొనిచ్చి, సంగీతం సరిగ్గా వినపడట్లేదని బాధపడుతుంటే నాకు కష్టంగా ఉంటుంది.

మరో సంగతి, ఒకే గదిలో పాప ట్యాబ్‌తో, రికార్డింగ్ కోసమని అమ్మ ఫోన్‌తో, రెండిట్లోంచీ ఒకే క్లాసులో చేరితే కుయ్ఁ మని చెవులు చిల్లులు పడే కూత వస్తుంది. మ్యూట్ చేశాం కదా అంటారు, కానీ ఫోన్ స్పీకర్ మోగుతూనే ఉంటే అది ట్యాబ్ మైకులోకి వెళ్తూనే ఉంటుంది. రెండో దాంట్లో ఆడియోని పూర్తిగా డిస్‌కనెక్ట్ చేయాలి.

ఆన్ చేయడానికి కంప్యూటర్లో సెట్టింగ్స్‌లోకి వెళ్ళి ఆడియో తెరిచి దీన్ని ఎంచుకోవాలి, అప్పుడు మీటింగ్‌లో తెర పైభాగాన దాని బటన్ కనిపిస్తుంది. ఎవరైనా చెబితే తప్ప దొరకని చోట పెట్టారు, ఈ విషయంలో మార్కులు తగ్గిస్తాను. ఇరువైపులా ఆన్ చేయాలి, పాడేది పిల్లే కాబట్టి ముందుగా వాళ్ళ వైపు.

ఒరిజినల్ సౌండ్ ఈ ఆలస్యాన్ని తగ్గించదు. ఇక్కడ వేసిన తాళానికి అక్కడ సరిగ్గా కలిపి పాడటం కుదరదు, కాబట్టి టీచరు పాడి ఆపాక పిల్ల తన తాళం తనే వేసుకుంటూ అందుకోవాలి, శ్రుతి కూడా ఎవరిది వాళ్ళే పెట్టుకోవాలి. డబ్బు సంగతికొస్తే ఈ సెట్టింగ్ ఉచిత ఖాతాలో కూడా ఉంది. ఉచిత ఖాతాలో మీటింగ్ 40 నిమిషాలే, ఒక్క పిల్లకు చెప్పినా అంతే, సరళీ స్వరాలు నేర్చుకునే చిన్నపిల్లలకు ఆ సమయం బాగానే సరిపోతోంది, వర్ణాలకొచ్చిన వాళ్ళ కోసమైతే డబ్బు కట్టి తీసుకోండి.