కప్పు తప్పులు ముందే పట్టుకోవడానికి స్కెచ్‌అప్: ఏడేళ్లు వాడాక

గుంటూరు బ్రాడీపేటలో ఇళ్ల ప్లాన్లు గీయడం నా పని. ఇండిపెండెంట్ ఇళ్లు, డాబా మీద రేకుల షెడ్లు, అప్పుడప్పుడు విజయవాడ వైపు ఏటవాలు కప్పుల ఇళ్లు. 2018లో స్కెచ్‌అప్ మొదలుపెట్టాను, కంప్యూటర్లో ఇంటిని మూడు కొలతల్లో (3డి) బొమ్మగా కట్టి చూసుకునే సాఫ్ట్‌వేర్ ఇది. ముందు ఉచితంగా దొరికిన మేక్ 2017, తర్వాత డబ్బు కట్టి ప్రో. ఇక్కడ కప్పుల సంగతి మాత్రమే రాస్తున్నాను.

దీన్ని నేర్చుకోక తప్పని పరిస్థితి గోరంట్లలో ఒక ఇంటి దగ్గర వచ్చింది. ఎల్ ఆకారం ఇల్లు. పెద్ద భాగం వెడల్పు 24 అడుగులు, చిన్నది 18. రెండింటికీ మంగళూరు పెంకు, 30 డిగ్రీల వాటం. ఎదురుగా చూస్తే అందంగా ఉంటుందని ఎలివేషన్‌లో (ఎదుటి బొమ్మలో) రెండు కొప్పులూ, అంటే కప్పు పైఅంచులు, ఒకే ఎత్తున గీశాను. ప్లాన్‌లో రెండు వాలులు కలిసే లోయని అలవాటు ప్రకారం 45 డిగ్రీల్లో లాగేశాను. ప్లాన్ చూస్తే బాగుంది, ఎలివేషన్ చూస్తే బాగుంది. ఓనర్ గారికి నచ్చింది. వెల్డర్ ట్రస్సులు నిలబెట్టి, లోయ పైపు కొయ్యబోయి, టేపు పట్టుకుని చాలాసేపు అలాగే నిలబడ్డాడు. "సార్, ఈ పైపు కొప్పుకి అందట్లేదండీ. కాగితంలో ఎట్టా కలిసిందో గానీ ఇక్కడ కలవట్లేదు" అన్నాడు.

అతను చెప్పిందే నిజం. చూరు ఒకే మట్టంలో ఉండి వాటం కూడా ఒకటే అయితే, 24 అడుగుల కప్పు సుమారు 6 అడుగుల 11 అంగుళాలు లేస్తుంది. 18 అడుగులది 5 అడుగుల 2 అంగుళాలే. అడుగు ముప్పావు తేడా! చిన్నదాని కొప్పుని పైకి లేపి సమం చేస్తే దాని వాటం 37 డిగ్రీలు దాటుతుంది. వాటాలు వేరైనప్పుడు లోయ 45లో రాదు, ఒకవైపు 9 అడుగులు పోతే ఇంకోవైపు 12 పోవాలి. నేను 9కి 9 గీసి వదిలేశాను. వారం పని పోయింది, పాడైన పైపుల ఖర్చు నేనే పెట్టుకున్నాను. డబ్బు కంటే ఆ ఓనర్ గారి ముందు నిలబడటమే కష్టమైంది.

ఆ రాత్రే అదే ఇంటిని స్కెచ్‌అప్‌లో కట్టి చూశాను. రెండు కప్పులనీ లేపి, ఒకదానిలోకి ఒకటి దూర్చి, రెండు తలాలు కలిసే చోట గీత గీసే ఇంటర్‌సెక్ట్ ఫేసెస్ కమాండ్ నొక్కితే లోయ గీత దానంతటదే పడింది. 12కి 9! ప్లాన్, ఎలివేషన్, సెక్షన్ (ఇంటిని నిలువుగా కోసినట్టు చూపే బొమ్మ) దేనికది ఒప్పుగానే కనిపిస్తాయి, ఒకదానితో ఒకటి పొసగకపోయినా ఆ సంగతి మనకి చెప్పవు. మోడల్‌లో ప్రతి మూలకీ ఎత్తు తేల్చకుండా ముందుకు కదల్లేం. నేను చూసినంతలో కప్పు తప్పులు ఎక్కువగా రెండు వాలులు కలిసే చోటే ఉంటాయి, అంటే ఎత్తు తేల్చకుండా మనం దాటేసిన చోట.

పటమటలో ఒక ఇంటికి మెట్లు ఏటవాలు స్లాబ్ కిందకి వస్తున్నాయి. మోడల్‌ని కోసి లోపల చూపించే సెక్షన్ ప్లేన్‌ని ఒక్కో మెట్టు దగ్గరికీ జరుపుతూ, మెట్టు మీద మనిషి బొమ్మ నిలబెట్టుకుంటూ వెళ్లాను. పై నుంచి మూడో మెట్టు దగ్గర తల స్లాబ్‌లోకి దూరిపోయింది. సెంట్రింగ్‌కి ఇంకా నెల టైముంది, మెట్లని అవతలి గోడకి మార్చాం.

నీళ్ల సంగతికి కమాండ్ ఏమీ అక్కర్లేదు. మోడల్‌ని నేరుగా పై నుంచి చూస్తూ ప్రతి వాలు మీదా వాన నీళ్లు ఎటు జారతాయో వేలితో గీసుకుంటూ పోతాను. ఏ లోయ అయినా వెళ్లి గోడకి తగిలి ఆగిందంటే అక్కడ చెమ్మ ఖాయం. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు నాకు ఒకే ఒక్క ఇంటి నుంచి ఫోన్ వచ్చింది. అది మోడల్ చేయని రోజుల్లో గీసిన ఇల్లు. లోయ మెట్లగది గోడని తాకే చోటే కారుతోంది.

స్లాబ్ కాంక్రీటు లెక్కకి కూడా వాడతాను. వివరాలు చూపే ఎంటిటీ ఇన్ఫోలో వాల్యూమ్ (ఘనపరిమాణం) కనిపించకపోతే గ్రూపు, అంటే ఒక్కటిగా కట్టిన ఆకారం, ఎక్కడో పూర్తిగా మూసుకోలేదని అర్థం. నాకు అదే మంచి హెచ్చరిక.

ఇక ఇబ్బందులు. కొలత ముందు అల లాంటి చిన్న గీత కనిపిస్తే ఆ కొలత కచ్చితమైనది కాదు, గీత ఎక్కడో వెంట్రుకవాసి తప్పిందని లెక్క. మొదటి ఏడాది దీన్ని పట్టించుకోలేదు, తర్వాత ఒక కప్పు మొత్తం మళ్లీ గీయాల్సి వచ్చింది. గీత పొడవుని దగ్గరి అంకెకి లాగేసే లెంగ్త్ స్నాపింగ్ సెట్టింగ్ ఆపేయండి. గుండ్రటి పోర్టికో కప్పు అయితే ఇంకా జాగ్రత్త. మామూలుగా వచ్చే సర్కిల్ నిజానికి 24 భుజాల బొమ్మ. 6 అడుగుల వ్యాసార్ధానికి ప్రతి భుజం మధ్యలో అర అంగుళం పైనే లోపలికి ఉంటుంది. భుజాలు పెంచాకే కొలతలు తీయండి.

అన్నిటికంటే ముఖ్యం, కప్పు నిలబడుతుందో లేదో ఇది చెప్పదు. గాలి ఒత్తిడి లెక్కలకి మన కోడ్ విజయవాడకి ఇచ్చిన బేసిక్ వేగం సెకనుకి 50 మీటర్లు. అంత గాలికి రేకు లేచిపోకుండా బోల్టులు, పర్లిన్లు (రేకుల కింద అడ్డంగా వేసే పైపులు) ఎలా ఉండాలో స్ట్రక్చరల్ ఇంజనీరే చెప్పాలి. మోడల్ బాగుంది కదా అని ఆయన ఫీజు మిగుల్చుకోవాలని చూడొద్దు. అలాగే పాత డాబా మీద షెడ్డు వేసేటప్పుడు మూల నుంచి మూలకి రెండు కొలతలూ తీయకుండా మోడల్ మొదలుపెట్టకండి. నాలుగు మూలలూ మూలమట్టానికి సరిగ్గా ఉన్న పాత ఇల్లు నాకు ఇంతవరకు తగల్లేదు.

డబ్బు విషయంలో బాధ ఉంది. 2012లో గూగుల్ నుంచి ట్రింబుల్ చేతికి వెళ్లింది, 2020లో ఒకసారి కొని ఉంచుకునే లైసెన్సు అమ్మడం మానేశారు. ఏటా కట్టాల్సిందే, నాలాంటి చిన్న ఆఫీసుకి అది బరువే. బ్రౌజర్లో ఉచితంగా దొరికేదానితో చిన్న కప్పు చూసుకోవచ్చు గానీ ఎక్స్‌టెన్షన్లు (అదనంగా తగిలించుకునే చిన్న టూల్స్) పనిచేయవు. అయినా నేను కడుతూనే ఉన్నాను. గోరంట్లలో పోయిన పైపుల లెక్క నాకింకా గుర్తుంది.

ఆ వెల్డర్ ఇప్పటికీ నాతోనే చేస్తున్నాడు. అతనికిప్పుడు ఎలివేషన్ ఒక్కటే ఇచ్చి ఊరుకోను. ప్రతి లోయకీ, కొప్పుకీ పొడవు రాసిన ప్రింటు ఇచ్చి, మోడల్ కూడా ఫోన్‌కి పంపిస్తాను. వ్యూయర్ యాప్‌లో వేళ్లతో తిప్పి చూసుకుంటాడు. పోయిన నెల రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేసి, "సార్, గట్టర్ వాటం తూర్పుకి పెట్టారు, దింపుడు పైపు పడమర ఉందండీ" అన్నాడు. సిస్టమ్ తెరిచి చూస్తే అలాగే ఉంది. గట్టర్ ఇంకా ఆర్డర్ ఇవ్వలేదు.