బాల్డర్స్ గేట్ 3: పాచిక అదే, పారే తీరు వేరు

2023 ఆగస్టు 3న పీసీలో వచ్చిన బాల్డర్స్ గేట్ 3 అనే వీడియో గేమ్ కథ గురించి, నటన గురించి చాలామంది చాలా రాశారు. వాటి జోలికి పోవడం లేదు. దీనికి మూలం బల్ల చుట్టూ కూర్చుని పాచికలు వేస్తూ ఆడే డన్జన్స్ అండ్ డ్రాగన్స్. దాని ఐదో ఎడిషన్ రూల్ పుస్తకం పక్కన పెట్టుకుని చూస్తే, ఈ గేమ్ చేసిన లారియన్ స్టూడియో ఏ రూల్ ఉన్నదున్నట్టు ఉంచింది, దేన్ని మార్చింది, మార్చినందువల్ల ఆట బాగుపడిందా చెడిందా అన్నదే ఇక్కడి లెక్క. పుస్తకం అంటే 2014 నాటిది. 2024 సవరణ తర్వాతి మాట.

పునాది మాత్రం చెక్కుచెదరలేదు. ఇరవై ముఖాల పాచిక వేసి దానికి మాడిఫయర్ (పాత్ర సామర్థ్యాన్ని బట్టి వచ్చే అంకె), ప్రొఫిషియెన్సీ (ఆ పనిలో నేర్పుకు వచ్చే అంకె) కలపడం. టర్నుకో యాక్షన్ (పెద్ద పని), ఓ బోనస్ యాక్షన్ (చిన్న పని), రౌండుకో రియాక్షన్ (ఎదుటివాడి కదలికకు బదులు). 30 అడుగుల నడకకు 9 మీటర్లు. అన్నిటికంటే ముఖ్యంగా కాన్సంట్రేషన్ అలాగే ఉంది. ఒకసారికి ఒక్క మంత్రమే పట్టి ఉంచగలరు, దెబ్బ తగిలితే 10 లేదా దెబ్బలో సగం, ఏది ఎక్కువైతే దానిమీద కాన్‌స్టిట్యూషన్ సేవ్ (మంత్రం చెదరకుండా ఒంటి గట్టిదనం మీద వేసే పాచిక) వేయాలి. దీన్ని సడలించి ఉంటే బ్లెస్ (గురి పెంచేది), హేస్ట్ (వేగం పెంచేది) అనే మంత్రాలు రెండూ ఒకే మనిషి మోస్తాడు, ఐదో ఎడిషన్ అనే పేరుకు అర్థం ఉండదు.

మార్పుల్లో మొదట కంటపడేది షవ్, అంటే నెట్టడం. పుస్తకంలో ఎవరినైనా నెట్టాలంటే ఒక దాడిని వదులుకోవాలి, నెట్టేది 5 అడుగులే. ఇక్కడ అది బోనస్ యాక్షన్, దూరం నెట్టేవాడి బలాన్ని, పడేవాడి బరువును బట్టి ఉంటుంది. పుస్తకం పట్టుకు వేలాడేవాళ్లకు ఇది అపచారంలా కనిపిస్తుంది కానీ లాభం స్పష్టంగా ఉంది. చాలా టర్నుల్లో ఫైటర్‌కి బోనస్ యాక్షన్ ఊరికే పోతుంది, ఇప్పుడు దానికో పని దొరికింది. మ్యాపులన్నీ మిద్దెలు, వంతెనలు, అగాధాలతో కట్టారు కాబట్టి ఎవడు ఎక్కడ నిలబడ్డాడన్నది ప్రాణాల మీదికి వస్తుంది. శత్రువులూ ఇదే పని చేస్తారు, అంచున నిలబెట్టిన విజార్డ్ ఒక్క తోపుతో పోతాడు. అగాధంలో పడ్డ శత్రువు దగ్గరి సొమ్ము కూడా అతనితోనే పోతుందని మరిచిపోవద్దు. గాయాలు మాన్పే మందు తాగడం బోనస్ యాక్షన్ కావడం ఇంకా సహజం: చాలా టేబుళ్ల మీద ఇంటి రూలుగా ఎప్పటినుంచో ఉన్నదే, 2024 పుస్తకమూ చివరికి ఆ దారికే వచ్చింది. అష్టాచెమ్మాకి ఇంటికో రూలు ఉన్నట్టే ఇదీ.

లాంగ్‌బో దూరం 150 అడుగుల నుంచి 18 మీటర్లకు, అంటే 60 అడుగులకు కోశారు. ఫైర్‌బోల్ట్ అనే నిప్పు మంత్రం 120 అడుగులు కూడా అంతే అయింది. తెర మీద పట్టే మ్యాపుకి ఇది తప్పదు. పైగా డ్యాష్ కొడితే (యాక్షన్‌ని పరుగుకు వాడితే) ఒక టర్నులో సరిగ్గా 18 మీటర్లు వెళ్లొచ్చు కాబట్టి కత్తి పట్టినవాడు విల్లు పట్టినవాడిని చేరుకోగలుగుతాడు. పుస్తకంలో లేని సమతూకం ఇది.

ఎత్తు విషయంలో మాత్రం లారియన్ ఒకసారి కాలు జారి సర్దుకుంది. 2020 అక్టోబరులో మొదలైన ఎర్లీ యాక్సెస్‌లో (ఆట పూర్తికాకముందే అమ్మిన రూపంలో) ఎత్తు మీద నిలబడితే చాలు, దాడికి అడ్వాంటేజ్, అంటే పాచిక రెండుసార్లు వేసి పెద్దది తీసుకునే వీలు ఇచ్చేవారు. పాచిక మీద కనీసం 11 పడాల్సిన చోట అడ్వాంటేజ్ వస్తే 50 శాతం అవకాశం 75 అవుతుంది. నిచ్చెన ఎక్కితే ఇంత దక్కుతున్నప్పుడు అదే అడ్వాంటేజ్ తెచ్చిపెట్టే బార్బేరియన్ రెక్‌లెస్ అటాక్, డ్రూయిడ్ ఫేరీ ఫైర్ ఎవరికి కావాలి? చివరికి ఎత్తుకు +2, పల్లానికి −2 చేశారు. అదే 11 దగ్గర 50 శాతం 60 అవుతుంది, అంతే. ఫైర్‌బోల్ట్ కథా ఇలాంటిదే. అప్పట్లో దెబ్బను ఒక డి10 (పది ముఖాల పాచిక) నుంచి డి6కి (ఆరు ముఖాలది) తగ్గించి, బదులుగా నేల మండేలా పెట్టారు. మండే నేల మీద నిలబడ్డవాడికి మళ్లీ దెబ్బ, మళ్లీ కాన్సంట్రేషన్ సేవ్. స్లాటే (మంత్రాలు వేసే రోజువారీ కోటా) ఖర్చు కాని క్యాంట్రిప్ అనే చిన్న మంత్రం, స్లాట్ ఖర్చయ్యే పెద్ద మంత్రాన్ని కూల్చేసేది. తర్వాత పుస్తకంలోని డి10కే తిరిగొచ్చారు.

ఇక సరిదిద్దనివి. పుస్తకంలో 20 పడితే గెలుపు, 1 పడితే ఓటమి అన్నది దాడులకే. ఇక్కడ మాటకారితనానికీ, తాళాలకూ కూడా పెట్టారు. పాచికకు +13 కలిసే రోగ్ (దొంగ) 10 కష్టం ఉన్న తాళం దగ్గర పుస్తకం ప్రకారం ఓడిపోయే వీలే లేదు. ఇక్కడ ఇరవైలో ఒకసారి పాచిక పారదు. తెర మీద పాచిక దొర్లుతుంటే ఊపిరి బిగపట్టి చూడటం కోసం చేసిన పని. ఉత్కంఠ నిజమే కానీ ఒక పనిలో ఆరితేరడం అనే మాటకు విలువ పోయింది. నష్టం తగ్గించుకోవాలంటే అడ్వాంటేజ్ తెచ్చుకోండి, 1 పడే అవకాశం నాలుగు వందల్లో ఒకటికి దిగుతుంది. హాఫ్లింగ్ అనే పొట్టి జాతివాడైతే 1 పడ్డప్పుడు మళ్లీ వేస్తాడు. ఆ జాతి విలువ పుస్తకంలో కంటే ఇక్కడే ఎక్కువ.

హేస్ట్ అంతకంటే పెద్ద పొరపాటు. పుస్తకంలో హేస్ట్ ఇచ్చే అదనపు యాక్షన్‌తో కొట్టగలిగేది ఒకే ఒక్క దెబ్బ, మంత్రం వేయడం కుదరదు. ఇక్కడ అది నిండు యాక్షన్. 11వ లెవెల్ ఫైటర్ టర్నుకు 3 దెబ్బలు కొడతాడు. హేస్ట్‌తో పుస్తకంలో 4, ఇక్కడ 6. యాక్షన్ సర్జ్ (ఫైటర్‌కి మరో యాక్షన్ ఇచ్చే శక్తి) కలిపితే 7 బదులు 9. విజార్డ్ అయితే ఒకే టర్నులో రెండు ఫైర్‌బాల్స్. స్పీడ్ మందు తాగినా ఇంతే కాబట్టి కాన్సంట్రేషన్ గొడవ కూడా లేదు. దీని ముందు మిగతా మూడో లెవెల్ మంత్రాలు చాలావరకు వెలవెలబోతాయి. లారియన్‌కీ ఇది తెలుసు: 2023 నవంబరు 30న వచ్చిన ఐదో ప్యాచ్‌లోని ఆనర్ మోడ్‌లో (ఒకే సేవ్ ఫైలుతో ఆడే కఠినమైన తీరు) హేస్ట్ యాక్షన్‌కి ఒక్క దెబ్బే మిగిల్చారు.

విశ్రాంతి లెక్క కూడా వదులైంది. రోజుకు రెండు షార్ట్ రెస్ట్‌లు, ఒక్కోదానికి సగం ప్రాణం: ఇది బాగుంది, హిట్ డైస్ (పుస్తకంలో ప్రాణం తిరిగి పొందడానికి వేసే పాచికలు) లెక్కపెట్టే బాధ తప్పింది. స్లాట్లన్నీ తిరిగొచ్చే లాంగ్ రెస్ట్‌కి 40 క్యాంప్ సామాన్లు చాలు, అవేమో పీపా తెరిస్తే దొరుకుతాయి. టేబుల్ దగ్గరైతే ఆట నడిపే డన్జన్ మాస్టర్ "మీరు పడుకున్న ఎనిమిది గంటల్లో వాళ్లు తలుపులు బిగించుకున్నారు" అంటాడు. ఆ మనిషి చేసే పనిని ఆట కొన్నిచోట్లే చేస్తుంది. వాకీన్స్ రెస్ట్ సత్రం మంటల్లో ఉండగా వెళ్లి పడుకుంటే లోపలివాళ్లు దక్కరు. ఇలాంటివి ఇంకో పది ఉంటే స్పెల్ స్లాట్లకు నిజంగా విలువ ఉండేది.

రెడీ (కాచుకుని కొట్టడం), డాడ్జ్ (దెబ్బ తప్పించుకోవడం), గ్రాపుల్ (ఒడిసిపట్టడం) బాల్డర్స్ గేట్ 3లో అసలే లేవు. "తలుపు తీసినవాడిని కొడతా" అని కాచుకోవడం కుదరదు. అవి కావాలంటే 2021లో టాక్టికల్ అడ్వెంచర్స్ అనే ఫ్రెంచ్ స్టూడియో చేసిన సొలాస్టా చూడాలి. రెడీ, డాడ్జ్ రెండూ ఉన్నాయి. చీకట్లో దివిటీ పట్టాలి, దానికో చేయి పోతుంది. ఒక చేతిలో గద, మరో చేతిలో డాలు ఉంటే సైగలు అవసరమైన మంత్రాలు పడవు. ఐదో ఎడిషన్ పోరాటం ఎలా ఉంటుందో నేర్చుకోవడానికి అంతకంటే మంచి ఆట లేదు. కానీ సంభాషణలు చప్పగా, ముఖాలు కొయ్యబొమ్మల్లా ఉంటాయి. ఉచితంగా వాడుకునే మూల రూల్స్‌లో క్లాసుకు (ఫైటర్, విజార్డ్ వంటి వృత్తి) ఒకే సబ్‌క్లాస్ (అందులో శాఖ) ఉంటుంది కాబట్టి మిగతావి వాళ్లే కల్పించుకున్నారు. మల్టీక్లాసింగ్ (ఒకే పాత్రకు రెండు మూడు క్లాసులు) కావాలంటే మాడ్ (ఆటగాళ్లు చేసిన మార్పు ఫైలు) వేసుకోవాల్సిందే.

పుస్తకాన్ని తు.చ. తప్పకుండా దించితే ఏమవుతుందో పాత్‌ఫైండర్ అనే మరో టేబుల్ ఆట రూల్స్‌తో 2018లో వచ్చిన పాత్‌ఫైండర్ కింగ్‌మేకర్ చూపించింది. మొదట్లోనే ఫ్యాంగ్‌బెర్రీ గుహలో సాలెపురుగుల గుంపులు ఎదురవుతాయి. రూల్ ప్రకారం వాటికి ఆయుధాల దెబ్బ తగలదు. నిప్పు సీసాలో, దివిటీలో కావాలి. టేబుల్ దగ్గర మాస్టర్ ఒక సైగ చేసి ఉండేవాడు. ఇక్కడ కొత్తవాళ్లు కొందరు కత్తులు ఊపుతూ చచ్చిపోయి, ఆటనే మానేశారు.

బాల్డర్స్ గేట్ 3ని పుస్తకానికి దగ్గరగా ఆడాలంటే ముందు సెట్టింగుల్లో కర్మిక్ డైస్ ఆపేయండి. అది మొదటినుంచీ ఆన్‌లోనే ఉంటుంది, వరస ఓటములు రాకుండా పాచికను సర్దుతుంది. ఆ సర్దుబాటు శత్రువులకూ అందుతుంది కాబట్టి ఆర్మర్ క్లాస్ (దెబ్బ తగలకుండా కాచే అంకె) పెంచుకున్నవాడికే నష్టం. తర్వాత కస్టమ్ మోడ్‌లో ఆనర్ రూల్స్ పెట్టుకోండి, ఒకే సేవ్ ఫైలు అనే షరతు లేకుండా హేస్ట్ దారికొస్తుంది. క్యాంప్ సామాన్ల ఖర్చు పెంచుకునే వీలూ అక్కడే ఉంది. ఒక టర్నులో బోనస్ యాక్షన్ మంత్రం వేస్తే రెండోది క్యాంట్రిప్ మాత్రమే అన్న పుస్తకం షరతును, స్క్రోల్ ఎవరి క్లాస్ మంత్రమో వాళ్లే చదవాలన్న షరతును ఆట పట్టించుకోదు. అవి మీరే పాటించాలి.