టోల్‌గేటుకు ఇవతల: చౌటుప్పల్, షాద్‌నగర్, భువనగిరి, జడ్చర్లలో కాపురానికి ఏది?

ప్లాట్లు అమ్మేవాళ్ల కరపత్రాల్లో ఈ నాలుగు ఊళ్లూ హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డుకు ఇరవై, ముప్పై నిమిషాలే. ఆ లెక్క నిజమే అనుకున్నా, ఔటర్ మీద ఎవరూ కొలువు చెయ్యరు కదా. పొద్దంతా పోయేది ఆ తర్వాతి ముక్కలో. చౌటుప్పల్ వాళ్లకు పెద్ద అంబర్‌పేట నుంచి ఎల్బీనగర్ దాకా, షాద్‌నగర్ వాళ్లకు శంషాబాద్ నుంచి ఆరాంఘర్ దాకా. అందుకే ఊరు ఎంచుకునేటప్పుడు పట్నానికి ఎన్ని కిలోమీటర్లని కాదు, పట్నంలో మీ కొలువు ఏ దిక్కున ఉందని చూడాలి. వనస్థలిపురం, ఎల్బీనగర్, దిల్‌సుఖ్‌నగర్ వైపైతే చౌటుప్పల్. ఎయిర్‌పోర్టు, కొత్తూరు ఫ్యాక్టరీలు, కాచిగూడ వైపైతే షాద్‌నగర్. ఉప్పల్, సికింద్రాబాద్ వైపైతే భువనగిరి. ఈ మూడూ పట్నానికి ఇంచుమించు యాభై కిలోమీటర్ల దూరంలోనే ఉన్నా ఒకదాని పని ఇంకొకటి చెయ్యదు. జడ్చర్ల సంగతి వేరు, చివర్లో చూద్దాం.

కారున్న వాళ్లు ముందు చూడాల్సింది టోల్‌గేటు ఊరికి ఏ పక్కన ఉందని. విజయవాడ రోడ్డులో పంతంగి టోల్ చౌటుప్పల్ దాటాక వస్తుంది. బెంగళూరు రోడ్డులో రాయికల్ టోల్ షాద్‌నగర్ దాటాక వస్తుంది. అంటే ఈ రెండూళ్ల నుంచి పట్నం పోయి రావడానికి హైవే టోల్ పడదు. భువనగిరి నుంచి మాత్రం బీబీనగర్ దగ్గరి గూడూరు టోల్ దాటాల్సిందే. చౌటుప్పల్ అవతలి చిట్యాల వాళ్లకు పంతంగి, జడ్చర్ల వాళ్లకు రాయికల్ తప్పవు. టోల్‌గేటుకు 20 కిలోమీటర్లలోపు ఉండేవాళ్ల సొంత కార్లకు నెలవారీ లోకల్ పాసు ఇస్తారు. భువనగిరి వాళ్లు ఇది తీసుకోవచ్చు, కానీ ఆధార్‌లో ఆ ఊరి అడ్రసే ఉండాలి. కిరాయికి దిగినవాళ్లు అడ్రసు మార్చుకోకుండా టోల్ ఆఫీసుకు పోయి ఉత్త చేతులతో తిరిగొస్తుంటారు. 2025 ఆగస్టులో 3,000 రూపాయల ధరతో వచ్చిన ఫాస్టాగ్ వార్షిక పాసుకు 200 దాటుళ్లు. దినాం పోయి వచ్చేవాళ్లకు అది నూరు పని దినాలు, అంటే నాలుగు నెలలకు కొంచెం ఎక్కువ. పేరుకే ఏడాది పాసు. పైగా అది జాతీయ రహదారులకే. ఔటర్ ఎక్కితే ఆ టోల్ వేరే కట్టాలి. బైకులకు హైవేలో టోల్ లేదు గానీ ఔటర్ మెయిన్ రోడ్డు మీదికి రానివ్వరు, సర్వీస్ రోడ్డులోనే పోవాలి.

బస్సు మీదే ఆధారపడే ఆడవాళ్లకైతే లెక్కే మారిపోయింది. 2023 డిసెంబర్ 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఛార్జీ లేదు, తెలంగాణ అడ్రసున్న కార్డు చూపిస్తే చాలు. చౌటుప్పల్‌కు ఇది బాగా కలిసొచ్చింది. నల్గొండ, సూర్యాపేట వైపు పోయే ఎక్స్‌ప్రెస్‌లు ఇటే పోతాయి. చిక్కల్లా సాయంత్రం తిరుగు ప్రయాణంలో. బస్సు ఎంజీబీఎస్ (పట్నం పెద్ద బస్టాండు)లోనే నిండిపోయి వస్తుంది, ఎల్బీనగర్‌లో ఎక్కితే చౌటుప్పల్ దాకా నిలబడాలి. ఎల్బీనగర్ నుంచి దండుమల్కాపురం దాకా ఆరు వరుసల విస్తరణ పని పెట్టుకున్న రోడ్డిది, కాబట్టి పని జరిగే చోట అరగంట అదనంగా వేసుకోండి. సంక్రాంతికి మూడు రోజుల ముందు నుంచి ఈ ఊళ్లో రోడ్డు ఇవతలి నుంచి అవతలికి దాటడం కూడా ఒక ప్రయాణమే.

రైలు విషయంలో చౌటుప్పల్ కంటే షాద్‌నగర్‌దే పైచేయి. సికింద్రాబాద్–మహబూబ్‌నగర్ 85 కిలోమీటర్ల లైను డబ్లింగ్, కరెంటు లైను పూర్తయి 2023 ఏప్రిల్‌లో జాతికి అంకితమైంది. అంతకుముందు ఒంటి లైను కాబట్టి ఎదురు రైలు కోసం క్రాసింగ్‌లో పడిగాపులు పడేవాళ్లు, ఇప్పుడు ఆ బాధ తగ్గింది. అదే నెలలో ఎంఎంటీఎస్ లోకల్ రైలు శంషాబాద్ దగ్గరి ఉందానగర్ దాకా వచ్చింది. అయితే షాద్‌నగర్‌లో ఆగే రైళ్లు గంటకొకటి లేవు. ఇల్లు చూసుకునే ముందు పొద్దున పోయే రైలు ఒక్కటే కాదు, సాయంత్రం తిరిగొచ్చేది కూడా మీ డ్యూటీ టైముకు కలుస్తుందా చూడండి. నెలవారీ సీజన్ టికెట్టు ఏ రైళ్లకు చెల్లుతుందో కౌంటర్లో అడిగే తీసుకోండి. చౌటుప్పల్‌కు రైలే లేదు. బీబీనగర్–నడికుడి లైను రామన్నపేట, చిట్యాల మీదుగా పోతుంది తప్ప ఈ ఊరిని తాకదు.

ఇక నీళ్లు. చౌటుప్పల్ పేరులోనే చౌటా ఉప్పూ వినిపిస్తాయి. చుట్టుపక్కల మునుగోడు, మర్రిగూడ, నారాయణపురం నీళ్లలో ఫ్లోరైడ్ సంగతి కొత్తగా చెప్పేదేం లేదు. ఇంటింటికీ నల్లా నీళ్ల పథకం మిషన్ భగీరథ పైలాన్‌ను 2015లో చౌటుప్పల్‌లోనే పెట్టింది కూడా అందుకే. నల్లాలో నది నీళ్లొస్తున్నంత కాలం భయం లేదు. కానీ కొత్త వెంచర్లలో, ఊరి చివరి కాలనీల్లో నల్లా లైను ఉండదు, బోరే దిక్కు. ఫ్లోరైడ్ గ్రానైటు రాయిలోంచి కరిగి వస్తుంది. లోతుకు పోయిన బోరులో, ఎండాకాలం నీళ్లు అడుగంటినప్పుడు ఎక్కువ తేలుతుంది.

ఇక్కడ చాలామంది పొరపడేది టీడీఎస్ పెన్ను దగ్గర. అది మొత్తం లవణాల్నే చూపిస్తుంది, ఫ్లోరైడ్‌ను విడిగా చెప్పదు. టీడీఎస్ 400 చూపించిన నీళ్లలో కూడా ఫ్లోరైడ్ హద్దు దాటి ఉండొచ్చు. లీటరుకు 1 మిల్లీగ్రాము లోపుంటే మంచిది, వేరే నీటి వసతి లేనిచోట 1.5 దాకా ఒప్పుకుంటారు. పరీక్షకిచ్చే నీళ్లు పట్టే పద్ధతి ఇది: మోటారు పది నిమిషాలు పోనిచ్చి, లీటరు ప్లాస్టిక్ సీసాను అదే నీళ్లతో మూడుసార్లు కడిగి, నిండా పట్టి, తేదీ, బోరు లోతు రాసి ల్యాబుకివ్వాలి. గాజు సీసా వద్దు, ఫ్లోరైడ్ గాజుతో కలుస్తుంది. కాచినందువల్ల ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. క్యాండిల్ ఫిల్టరుకూ, యూవీకీ పోదు. ఆర్వో చాలావరకు తీసేస్తుంది. ఇంకో తప్పు, తాగడానికి క్యాన్ నీళ్లు, వంటకు బోరు నీళ్లు వాడటం. అన్నం, పప్పు పీల్చుకునేది ఆ నీళ్లనే కదా! నలుగురున్న ఇంట్లో తాగడానికీ వంటకీ కలిపి రోజుకు ఇరవై, పాతిక లీటర్ల మంచినీళ్లు కావాలి.

సంపు లెక్క కూడా వేసుకోండి. మున్సిపాలిటీల్లో మనిషికి రోజుకు 135 లీటర్లు భగీరథ పెట్టుకున్న లెక్క. నలుగురికి 540. నల్లా రోజు విడిచి రోజు వస్తే రెండు రోజులకు 1,080. పైపు పగిలి నాలుగు రోజులు ఆగినా తట్టుకోవాలంటే 3,000 లీటర్ల సంపు ఉండాలి. కిరాయి ఇంట్లో వెయ్యి లీటర్ల ట్యాంకు ఒక్కటే చూపిస్తే బేరం అక్కడే తగ్గించండి.

చౌటుప్పల్ చుట్టూ మందుల కంపెనీలున్నాయి, జడ్చర్ల పక్కన పోలేపల్లి సెజ్ (ఫ్యాక్టరీల ప్రత్యేక మండలి) ఉంది. పగలు చూసి పోతే ఏమీ తెలియదు. రాత్రి పదకొండు దాటాక, గాలి నిలిచినప్పుడు, మళ్లీ తెల్లవారకముందు ఆ వీధిలో ఓ పావుగంట నిలబడండి. ఘాటు వాసన ఉంటే అప్పుడే తెలుస్తుంది. బోరు నీళ్లకు రంగు, నురగ, వాసన ఉంటే ఫ్లోరైడ్ ఒక్కటే కాక సీఓడీ (రసాయన కాలుష్యం కొలత), నైట్రేట్ కూడా పరీక్ష చేయించాలి.

దవాఖానాకు భువనగిరి మేలు, బీబీనగర్ ఎయిమ్స్ పక్కనే. చౌటుప్పల్ వాళ్లు పోచంపల్లి మీదుగా అక్కడికి చేరొచ్చు, లేదంటే అటు నార్కట్‌పల్లిలో మెడికల్ కాలేజీ దవాఖానా. బడుల బస్సులు నాలుగూళ్లలోనూ తిరుగుతాయి.

జాగ కొనేవాళ్లకు నాలుగు మాటలు. గుంటకు 121 గజాలు. ఫామ్ ప్లాటు పేరుతో రెండు, మూడు గుంటలు అమ్మేవాళ్ల జోలికి పోవద్దు. లేఔటు అనుమతి లేని వ్యవసాయ భూమి 20 గుంటలకు తక్కువగా ముక్కలైతే రిజిస్ట్రేషన్ దగ్గరా, ఇంటి పర్మిషన్ దగ్గరా చిక్కే. లేఔటుకు ఎల్పీ (లేఔటు అనుమతి) నంబరు, రెరా నంబరు రెండూ అడగండి. హెచ్ఎండీఏ (హైదరాబాద్ పట్టణాభివృద్ధి సంస్థ) లేఔటులో 15 శాతం ప్లాట్ల జాగ, రోడ్లూ డ్రైనేజీ పూర్తయ్యేదాకా ఆ సంస్థకు తనఖాలో ఉంటుంది. మీకు చూపించే ప్లాటు నంబరు ఆ జాబితాలో లేదని ప్లాను మీద సరిచూడండి. రిజిస్ట్రేషన్‌కు 7.5 శాతం పక్కన పెట్టుకోవాలి. చౌటుప్పల్, భువనగిరి వైపు, ఇటు ఆమనగల్లు, షాద్‌నగర్ వైపు ట్రిపుల్ ఆర్ (రీజనల్ రింగ్ రోడ్డు) పోతుంది కాబట్టి సర్వే నంబరు భూసేకరణ నోటిఫికేషన్‌లో ఉందా అన్నది అడ్వాన్సుకు ముందే చూడాలి. ట్రిపుల్ ఆర్ పక్కనే అని అమ్మిన ప్లాటు ట్రిపుల్ ఆర్ కిందికి పోతే ఏం చేస్తారు?

జడ్చర్ల పట్నానికి ఎనభై కిలోమీటర్ల పైమాటే. పోలేపల్లిలోనో, మహబూబ్‌నగర్‌లోనో కొలువుంటే మంచి ఊరే. రెండు జాతీయ రహదారులు కలిసే చోటు, బాదేపల్లి మార్కెట్, రైల్వే స్టేషను ఉన్నాయి. హైదరాబాద్‌కు దినాం తిరుగుదామనుకుంటే మాత్రం వద్దు.

ఎక్కడైనా ముందు కిరాయికే దిగండి, అదీ ఫిబ్రవరిలో. పదకొండు నెలల అగ్రిమెంటులో మే నెల బోరు, జూన్‌లో బడి బస్సులు, సెప్టెంబర్ వానకు ఏ సందులో మోకాళ్ల దాకా నీళ్లు నిలుస్తాయో, అన్నీ చూసేస్తారు. సంక్రాంతి ట్రాఫిక్ ఒక్కటే చూడకుండా మిగిలిపోతుంది. పోతే పోనీ.