ప్రాగ్‌లో శనివారం సరే, ఆదివారం ఎటు? కుత్నా హోరానా, కార్ల్‌ష్టెయినా?

జర్మనీలోని డ్రెస్డెన్‌లో ఉండే మాకు చెక్ రాజధాని ప్రాగ్ రైల్లో రెండు గంటల చిల్లర దూరం. దారిలో చాలాసేపు ఎల్బే నది కిటికీ పక్కనే వస్తుంది. అందుకే ఇండియా నుంచి ఎవరొచ్చినా ఒక వీకెండ్ అక్కడికే. శనివారం గురించి పెద్దగా ఆలోచించక్కర్లేదు: 1357లో కట్టడం మొదలైన చార్లెస్ వంతెన, 1410 నాటి గడియారం, కొండ మీద కోట, రాత్రికి కాళ్ళనొప్పులు. వంతెన మీదికి మాత్రం పొద్దున ఏడు లోపే వెళ్ళండి. ఆలస్యమైతే 30 విగ్రహాలకు బదులు సెల్ఫీ కర్రలే కనిపిస్తాయి.

అసలు తర్జనభర్జన ఆదివారం గురించే. ఊరు దాటి పోదామంటే ముందుకొచ్చేవి రెండు పేర్లు. తూర్పున కుత్నా హోరా, రైల్లో దాదాపు గంట. నైరుతిలో కార్ల్‌ష్టెయిన్ కోట, నలభై నిమిషాలు. రెండూ ఒకే రోజు చూసేద్దామని ప్రతి గుంపులోనూ ఒకరంటారు. ఆ మాట వినకండి.

కుత్నా హోరా ఒకప్పుడు వెండి గనుల ఊరు. 1300 నుంచి ఇక్కడే ప్రాగ్ గ్రోషెన్ అనే వెండి నాణేలు ముద్రించారు. ఆ డబ్బుతోనే 1388లో సెయింట్ బార్బరా చర్చి మొదలుపెట్టారు. అది పూర్తయ్యింది 1905లో! బార్బరా గని కార్మికుల దేవత. చర్చిలో తెల్లకోటు వేసుకున్న గని కార్మికుడి బొమ్మ ఒకటుంది. మా నాన్న గోదావరిఖనిలో ముప్ఫై ఏళ్ళు బొగ్గుబాయి దిగినవాడు. బంగారు పూతల వైపు చూడనైనా చూడకుండా ఆ బొమ్మ ముందే నిలబడిపోయాడు. చీకట్లో మనిషి కనపడాలనే తెల్లబట్టలని చెప్తే, "తెల్లకోటా! మా బాయిల అయితే గంటకే నల్లగైతుండె" అన్నాడు. తర్వాత గని మ్యూజియంలో తెల్లకోటు, హెల్మెట్, లైటు ఇచ్చి పాత సొరంగంలోకి తీసుకెళ్తుంటే గైడు కంటే ముందే తయారు. లోపల చాలాచోట్ల నడుం వంచాలి, దారి బాగా ఇరుకు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు బయటే ఆగడం మంచిది. చలికాలంలో అది మూసేస్తారు.

ఇక ఎక్కువమంది ఈ ఊరికి వచ్చేది సెద్లెత్స్ ఎముకల చర్చి కోసం. నలభై వేల మందికి పైగా మనుషుల ఎముకలు ఉన్నాయని అంచనా. 1870లో ఫ్రాంటిషెక్ రింట్ అనే చెక్కపనివాడు వాటితో షాండ్లియర్, ష్వార్జెన్‌బర్గ్ అనే ప్రభువుల వంశచిహ్నం తయారుచేశాడు. షాండ్లియర్‌లో మనిషి ఒంట్లోని ప్రతి ఎముకా కనీసం ఒక్కటైనా ఉందంటారు. చివరికి తన సంతకం కూడా గోడ మీద ఎముకలతోనే పెట్టాడు. మా అమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది. "గుడి అని చెప్పి ఈ బొక్కల కాడికి తోల్కొచ్చినవేందిరా?" అప్పుడు కథ చెప్పాను: 1278లో ఇక్కడి మఠాధిపతి జెరూసలేం నుంచి మట్టి తెచ్చి శ్మశానంలో చల్లాడట, దాంతో చుట్టుపక్కల వాళ్ళంతా ఇక్కడే పూడ్చమని కోరుకునేవారట. "మన కాశి లెక్కనేనా" అని లోపలికైతే వచ్చింది. బయటికొచ్చాక మాత్రం స్నానం చేసేదాకా కాఫీ కూడా ముట్టనంది. సాయంత్రం హోటల్‌కి చేరేవరకు మంచినీళ్ళే.

కాబట్టి పెద్దవాళ్ళతో వెళ్తే వరస తిప్పేయండి. ఎముకల చర్చి మెయిన్ స్టేషన్‌కి దగ్గర కనుక అందరూ ముందు అక్కడికే పోతారు. మీరు స్టేషన్లోనే చిన్న లోకల్ రైలు మారి ఊళ్ళోకి వెళ్ళి, బార్బరా చర్చి చూసి, భోంచేసి, తిరుగు రైలుకు ముందు ఎముకల దగ్గరికి రండి. శాకాహారులకు వేయించిన చీజ్, బంగాళాదుంపలు దాదాపు అన్నిచోట్లా దొరుకుతాయి. చీజ్ పైపూతలోనూ, పక్కన పెట్టే టార్టార్ సాస్‌లోనూ గుడ్డు ఉంటుంది, చూసుకోండి.

కార్ల్‌ష్టెయిన్ సంగతి వేరు. 1348లో అప్పటి చెక్ రాజు నాలుగో చార్లెస్ పునాది వేసిన కోట, తర్వాత రాజకిరీటాలు దాచిన చోటు. స్టేషన్ నుంచి బెరౌంకా నది దాటి, సావనీర్ షాపుల మధ్య అరగంట ఎక్కుడు. కింద నుంచి చూస్తే అద్భుతం. లోపలికి గైడుతోనే వెళ్ళాలి. అసలు చూడాల్సిన హోలీ క్రాస్ చాపెల్ మామూలు టూర్‌లో రాదు, దాని టూర్ చలికాలంలో ఉండదు, మిగతా నెలల్లో ముందే బుక్ చేసుకోవాలి. మొదటిసారి అది తెలియక వెళ్ళాం. పైగా కోటను 19వ శతాబ్దం చివర్లో చాలా మార్చి కట్టారు. డబ్బులిచ్చి గదులు తిరిగి వచ్చాక "ఇంతేనా" అనిపించింది. ఈ కోట బయట నుంచే బాగుంటుంది.

రెండోసారి లోపలికే పోలేదు. కోట పక్క నుంచి అడవిలోకి ఎర్ర గీత గుర్తు పట్టుకుని నడిచాం. చెట్ల మీద రెండు తెల్ల గీతల మధ్య ఒక రంగు గీత ఉంటుంది, దాన్ని వదలకపోతే తప్పిపోయే టెన్షన్ లేదు. చెక్ దేశమంతా ఇదే పద్ధతి. అక్కడ నడకదారులకు గుర్తులు పెట్టడం 1889లోనే మొదలైంది. సున్నపురాయి కొండల మధ్య ఎనిమిది కిలోమీటర్లు నడిస్తే స్వతీ యాన్ అనే పల్లె: నిలువు బండ, దాని కింద చర్చి, ఒక నీటిఊట. అంత ఓపిక లేకపోతే దగ్గర్లోని స్ర్బ్‌స్కో దాకా నడిచి అక్కడ రైలెక్కేయొచ్చు. పల్లె చూడాలన్న కోరిక తీరేది ఈ దారిలోనే.

ఒక్క మాట: చిన్న కొట్లకి కొంచెం క్రౌన్లు (చెక్ డబ్బు) కావాలని ప్రాగ్‌లో ఒక మనీ ఎక్స్ఛేంజ్‌లో యూరోలు మార్చి నిలువునా మోసపోయాను. రేటు నచ్చకపోతే మూడు గంటల్లోపు వెనక్కి అడగొచ్చని 2019 నుంచి అక్కడ చట్టమే ఉందట. నాకు తెలిసేసరికి డ్రెస్డెన్ వచ్చేశాను.

అమ్మానాన్నలతో అయితే కుత్నా హోరా. వానపడినా, చలికాలమైనా అదే, తల మీద కప్పు ఉంటుంది. ఎండ కాసి, మీ వయసువాళ్ళే ఉంటే కార్ల్‌ష్టెయిన్, అదీ కోట కోసం కాదు, వెనకున్న అడవి కోసం. వచ్చే నెల తమ్ముడు వస్తున్నాడు. చెప్పులు కాదు, మంచి బూట్లు తెచ్చుకోమని వాడికి ఇప్పుడే మెసేజ్ పెట్టాను.