సద్దుల బతుకమ్మకి ట్యాంక్‌బండ్ ఎందుకండీ, ఘట్‌కేసర్ వైపు వెళ్లండి

2025 బతుకమ్మకి మా అన్నయ్య వాళ్లు రాజమండ్రి నుంచి వచ్చారు. రెండు రోజుల ముందే మూసీ పొంగి ఎంజీబీఎస్ బస్టాండ్‌లోకి నీళ్లొచ్చాయి కదా, ఆ టెన్షన్‌లో ఎల్బీనగర్‌లోనే దిగిపొమ్మన్నాను. మా ఇల్లు అందరికీ చాలదని ఉప్పల్‌లో ఒక లాడ్జిలో రెండు ఏసీ రూములు బుక్ చేస్తే, తీరా వెళ్లాక ఒకటే ఉందన్నాడు, పండగ రష్ అండీ అని నవ్వుతూ. రెండోదాని డబ్బులు వెనక్కి రావడానికి పదకొండు రోజులు పట్టింది. వేడినీళ్లు మాత్రం బాగా వచ్చాయి, అబద్ధం చెప్పకూడదు.

సద్దులకి, అంటే బతుకమ్మ చివరి రోజుకి, ముందురోజు అంబర్‌పేట బతుకమ్మ కుంటకి వెళ్లాం. పూడిపోయిన చెరువుని అప్పుడే బాగుచేసి తెరిచారు, చూడ్డానికి బాగుంది, కానీ ఆడేవాళ్లకన్నా సెల్ఫీలు దిగేవాళ్లే ఎక్కువ. ట్యాంక్‌బండ్‌లో అంతకుముందు ఏడాది నాకు కనిపించినవి మనుషుల వీపులే.

సద్దుల రోజు మా ఆఫీసు అమ్మాయి వాళ్ల ఊరికి, ఘట్‌కేసర్ దాటాక, ఉప్పల్ నుంచి బస్సులో. ఆడవాళ్లకి తెలంగాణ ఆధార్ చూపిస్తే ఫ్రీయే గానీ మా వదినది ఆంధ్రా ఆధార్, టికెట్ కొట్టాడు.

వాకిట్లో తంగేడు, గునుగు గుట్టలు. గునుగుని గుప్పెడేసి కట్టి, కాడలు సమంగా కోసి, రంగునీళ్లలో ముంచి ఆరబెట్టారు. సిబ్బిలో గుమ్మడి ఆకులు పరిచి, ఒక వరస తంగేడు, ఒక వరస గునుగు, మధ్యమధ్య బంతి, లోపలంతా ఆకులు కూరుతూ పైకి పోయేకొద్దీ సన్నం చేసుకుంటూ వెళ్లి చివర పసుపు గౌరమ్మని పెడతారు. మా వదిన పేర్చింది రెండుసార్లు కూలింది. "గట్ల కాదు బిడ్డా, కాడలు లోపటికి ఉండాలె" అని ఆ అమ్మాయి వాళ్లమ్మ చేయిపట్టి నేర్పించింది.

పొద్దుగూకాక ఇంటికొక బతుకమ్మ నెత్తికెక్కింది. ముందు డప్పులు. సందు సందుకీ కొత్తవి కలుస్తూ గుడి దగ్గరికి చేరేసరికి వీధి నిండా పూలే, ఆ నడకే నాకు అన్నిటికన్నా నచ్చింది. అన్నీ మధ్యలో పెట్టి చప్పట్లు కొడుతూ ఉయ్యాలో అంటూ తిరిగి తిరిగి, రాత్రికి చెరువు. వదిలేశాక గౌరమ్మ పసుపుని పుస్తెలకి పూసుకుని సద్దులు, అంటే ఇంటి నుంచి తెచ్చిన ప్రసాదాలు, పంచారు. రొట్టె, బెల్లం కలిపి చేసే మలీద కోసం మా అన్నయ్య రెండోసారి చేయి చాపాడు.

చెరువు మెట్ల దగ్గర లైటు లేదు, జారుడు కూడా. పది దాటాక బస్సు దొరకలేదు, ఆటో ఏడొందలు. ఊళ్లో ఎవరైనా ఉండమంటే మొహమాటపడకండి. చేతులూపుకుంటూ వెళ్లకుండా పొద్దున్నే గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌లో రెండు కిలోల బంతి కొనుక్కెళ్లండి. మేం దారిలో కొన్నాం, రెట్టింపు ధర.