స్టార్లు కాదు, సెకన్లు చూడండి: సర్ఫ్ ఫోర్‌కాస్ట్ యాప్‌తో నా అనుభవం

సర్ఫింగ్‌కి బయల్దేరేముందు చాలాకాలంగా ఒకే ఫోర్‌కాస్ట్ యాప్ చూస్తున్నాను. మ్యాప్‌లు, కెమెరాలు, అలర్ట్‌లు అన్నిట్లోనూ ఉండేవే, వాటి జోలికి పోను. నాకు ఒళ్లు మండేది ఆ స్టార్ల రేటింగ్ చూస్తేనే. బీచ్ పేరు పక్కన రెండో మూడో స్టార్లు అతికించేసి, ఇక మీరు ఆలోచించక్కర్లేదన్నట్టు పెడతారు. కొత్తవాళ్లు పాపం దాన్నే నమ్ముకుని బోర్డు తీయాలా వద్దా అని తేల్చుకుంటారు. నా మాట విని ఆ స్టార్లని బొటనవేలితో కప్పేసి, కిందున్న స్వెల్ (దూరంగా తుఫానుల్లో పుట్టి తీరానికి వచ్చే అలలు) పట్టికకి వెళ్లండి.

ఎందుకంటే, ఒక వారం 1.4 మీటర్ల ఎత్తు, 7 సెకన్ల పీరియడ్ (ఒక అలకీ తర్వాతి అలకీ మధ్య సమయం), మూడు స్టార్లు చూపించింది. వెళ్తే ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చే చిందరవందర నీళ్లు, నురగ తప్ప ఏమీ లేదు. తర్వాతి వారం 0.9 మీటర్లు, ఒకే ఒక్క స్టార్. కానీ పట్టికలో పీరియడ్ 16 సెకన్లు అని ఉంది, అందుకే వెళ్లాను. ఒడ్డున నిలబడి చూస్తే సముద్రం చెరువులా ఉంది, పక్కనున్న ఇద్దరు బోర్డులు సర్దేసుకున్నారు కూడా. వాళ్లు అటు వెళ్లారో లేదో, దూరంగా ముదురు రంగు గీతలు ఒకదాని వెనుక ఒకటి, మధ్యలో బోలెడంత ఎడంతో కనిపించాయి. ఆ సెట్‌లో, అంటే గుంపుగా వచ్చిన అలల్లో, మొదటి అలే నా తల ఎత్తు దాటి లేచింది, పాడిల్ చేస్తూ దాని మీదికి ఎక్కేసరికి భుజాలు పట్టేశాయి. అంత మంచి ఉదయం మళ్లీ రావడానికి చాలా రోజులు పట్టింది.

లెక్క చూస్తే ఇందులో వింతేమీ లేదు. అల మోసుకొచ్చే శక్తి ఎత్తు వర్గాన్ని పీరియడ్‌తో గుణించినదాన్ని బట్టి ఉంటుంది, కాబట్టి ఆ రెండు రోజులూ దాదాపు సమానమే. పైగా లోతు నీళ్లలో 7 సెకన్ల అల పొడవు 76 మీటర్లే, 16 సెకన్లదైతే 400 మీటర్లు. పొడవైన అలకి సముద్రపు అడుగు చాలా లోతులోనే తగులుతుంది, తీరానికి వస్తూ నెమ్మదించి, అలాగే పైకి లేస్తుంది. ఇలాంటి స్వెల్ లోతు నీళ్లలో గంటకి 45 కిలోమీటర్ల వేగంతో వస్తుంది, చిన్న పీరియడ్‌వి వెనకబడతాయి. 1963లో సముద్ర శాస్త్రవేత్త వాల్టర్ మంక్ బృందం అంటార్కిటికా వైపు తుఫానుల్లో పుట్టిన స్వెల్‌ని పసిఫిక్ మీదుగా అలాస్కా దాకా వెంబడించి కొలిచింది, అంత దూరం నిలిచే శక్తి అది. అందుకే, రాబోయే స్వెల్ మొదట కనిపించేది పట్టికలో ఓ మూలన, ఎత్తు అరమీటరు కూడా లేని పెద్ద పీరియడ్ వరసలో. స్వెల్‌లని ఇలా విడివిడిగా చూపించడం ఒక్కటి చాలు, ఈ యాప్‌ని ఉంచుకోవడానికి.

అయితే పట్టికనీ గుడ్డిగా నమ్మలేం. పెద్ద పీరియడ్ అలలు అడుగుని బట్టి బాగా వంగుతాయి, దిశ కాస్త మారినా పక్క బీచ్‌కి పోయి మనకి ఏమీ మిగలదు. ఇసుక దిబ్బ తిన్నగా ఉంటే అల పొడవునా ఒకేసారి విరిగిపోతుంది, సర్ఫ్ చేయడానికి అల భుజం (ఇంకా విరగని పక్క భాగం) దొరకదు. ప్రపంచం మొత్తానికి నడిపే మోడల్‌లో ఒక్కో గడి కిలోమీటర్ల వెడల్పు ఉంటుంది, మన దిబ్బ నిన్న ఎటు జరిగిందో దానికేం తెలుసు? గాలి సంగతైతే ముందు రోజు రాత్రి చూసినదే నాకు పనికొస్తోంది. 16 రోజుల ముందు చూపించే ఎత్తులు చూసి నేను సెలవు పెట్టను.

నాది ఇసుక అడుగున్న బీచ్, ఇంటికి దగ్గర, తెల్లవారుజామున వెళ్లి చూసుకుని వచ్చేయగలను, అందుకే నాకిది సరిపోతోంది. గంటల తరబడి ప్రయాణం చేసి వెళ్లేవాళ్లకి, రీఫ్ (నీటి కింది రాతి లేదా పగడపు దిబ్బ) మీద సర్ఫ్ చేసేవాళ్లకి ఇంతే సరిపోతుందని చెప్పలేను. ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నవాళ్లు మాత్రం ఎత్తు తక్కువగా, పీరియడ్ 14 దాటి కనిపించిన రోజున ఒడ్డున కనీసం అరగంట నిలబడి, రెండు మూడు సెట్‌లు చూశాకే నీళ్లలోకి దిగండి.