పాత డ్రైవర్లను వదిలించే డీడీయూ

కంప్యూటర్‌లో ఎన్విడియా గ్రాఫిక్స్ కార్డు తీసి ఏఎండీ కార్డు వేసుకునేవారికి అసలు తలనొప్పి పాత డ్రైవర్ల (కార్డును విండోస్‌తో పనిచేయించే సాఫ్ట్‌వేర్) అవశేషాలతోనే మొదలవుతుంది. విజయవాడ గవర్నర్‌పేటలో నాకు కార్డు అమ్మిన దుకాణంవారు ధర న్యాయంగానే తీసుకున్నా, పాత డ్రైవర్‌ను తొలగించకుండానే కొత్తది ఎక్కించి పంపడంతో, గేమ్ తెరిచిన ప్రతిసారీ తెర నల్లబడేది. ఫోన్ చేస్తే విండోస్ మళ్లీ వేయించుకోమన్నారు, దానికి డబ్బులు వేరట! ఆ అవసరం లేకుండా గట్టెక్కించినది డిస్‌ప్లే డ్రైవర్ అన్‌ఇన్‌స్టాలర్ (డీడీయూ) అనే ఉచిత సాఫ్ట్‌వేర్. అత్యవసరమైన వాటితోనే విండోస్ తెరుచుకునే సేఫ్ మోడ్‌లో నడిపితే, మామూలు అన్‌ఇన్‌స్టాల్ వదిలేసే ఫైళ్లను, రిజిస్ట్రీలోని (విండోస్ సెట్టింగులు దాచుకునే చోటు) ఆనవాళ్లను కూడా అది తుడిచిపెడుతుంది. అయితే ముందుగా ఇంటర్నెట్ కేబుల్ తీసేయాలి, లేకపోతే మనం కొత్త డ్రైవర్ వేసేలోపే విండోస్ అప్‌డేట్ తనకు తోచినది దించేస్తుంది. డిస్క్‌కు తాళం వేసి ఉంచే బిట్‌లాకర్ వాడేవారు, ఆ తాళం తీసే రికవరీ కీని దగ్గర ఉంచుకున్నాకే సేఫ్ మోడ్‌లోకి వెళ్లాలి.